సాదప్ప సంతు

మొన్నటి కనుమ నాడు బేరికె దగ్గర ఒక పల్లెకు పోయినాను. నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు పండగ భోజనానికి పిలిచాడు. అన్నం తిని వీధిలోకి వచ్చేసరికి ఎద్దుల్ని ఊరేగిస్తున్నారు. కొమ్ములకు రంగులు, మెడల్లో బంతిపూల దండలు, ముందు తప్పెట్లు, వెనక టపాకాయలు. ఆ మోతకు బెదిరి పరుగు తీయకుండా ఒక్కో ఎద్దును ఇద్దరు మనుషులు చెరో పక్క పలుపు బిగించి పట్టుకున్నారు.

ఆ వరసలో చివర ఒక కోడె వస్తున్నది. హళ్ళికారు కోడె. నాలుగు పండ్లు వేసి ఉంటుంది. దాన్ని పట్టుకున్నది ఒక ముసలమ్మ. చేతిలో పలుపు వదులుగా వేలాడుతున్నది. పక్కన మూడేళ్ళ పిల్లవాడు దాని గంగడోలు పిడికిట పట్టుకుని నడుస్తున్నాడు. కోడె వాడి నడకకు సరిపోయేట్టు తన నడక తగ్గించుకుని వస్తున్నది. కాళ్ళ దగ్గర టపాకాయ పేలితే చెవులు ఒకసారి వెనక్కి పెట్టింది. అంతే.

"ఏమమ్మా, ఇంత సాదుగా ఉందే!" అన్నాను.

"అది అంతేనయ్యా. సాదప్ప సంతు కదా" అనిందామె.

నా కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. ఆ పేరు విని నలభై ఏళ్ళు దాటింది. తెలియనట్టు అడిగాను: "సాదప్ప అంటే ఎవరమ్మా?"

"నేను చూసిందా ఏమన్నానా. మా పుట్టింటి దిక్కు, మాలూరు పక్క, ఎవరో పెద్దాయనంట. శానా మంచోడంట. ఆయన ఎద్దు సంతు ఇది. నా పెండ్లికి మా నాయన ఒక పెయ్యను తోలిచ్చె. దాని కూతురు, దాని కూతురి కూతురు, అట్లా వస్తా ఉంది. మా ఇంట్లో దేనికీ పొడిచే గుణం లేదు."

నేను ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే ఆ వీధిలో నిలబడి చెప్పేది కాదు. ఇంటికి వచ్చినాక రెండు మూడు రాత్రులు నిద్ర పట్టక, చివరికి ఇది రాస్తున్నాను. సాదప్ప పెద్దాయన కాదు. మనిషే కాదు. మా తాత పెంచిన ఆంబోతు.

*

1964లో మా తాత ఘాటి సుబ్రహ్మణ్య ఎద్దుల పరసకు నడిచి పోయి, దొడ్డబళ్ళాపురం దిక్కునుంచి ఆ కోడెదూడను తోలుకొచ్చినాడు. అప్పటికి దానికి ఇంకా పాలపండ్లే. నాకు ఆరేళ్ళు. హళ్ళికారు జాతి మైసూరు సీమది. సన్నని ముఖం, నొసటి మీద దగ్గర దగ్గరగా మొలిచి నిట్టనిలువుగా లేచి వెనక్కి వాలే పొడుగు కొమ్ములు, బూడిద రంగు ఒళ్ళు, బిగిసిన కాళ్ళు. మైసూరు రాజులూ, ఆ తరవాత హైదరూ టిప్పూ ఫిరంగులు లాగించడానికి సాకిన అమృతమహల్ పశువులకు మూలం ఈ జాతే. పాలు తక్కువ, పూటకు ఒక సేరు వస్తే ఎక్కువ. కానీ ఎండలో, రాళ్ళ నేలలో, రాగిగడ్డి తిని పొద్దంతా నడవగల ఎద్దు ఇంకొకటి లేదు. మా హోసూరు, కెలమంగళం, డెంకణికోట దిక్కున సేద్యమంతా వీటి మెడల మీదనే సాగింది.

ఊరికొక విత్తనపు కోడె ఉండడం అప్పట్లో తప్పని అవసరం. ఆవు ఎదకు వచ్చేది ఇరవై ఒక్క రోజులకొకసారి. వచ్చినా ఆ ఎద ఒక పూట, మహా అంటే ఒక పగలు ఒక రాత్రి. ఆ వేళకు ఆంబోతు దగ్గర లేకపోతే మళ్ళీ మూడు వారాలు కాచుకోవాలి. తొమ్మిది నెలల పదిరోజులకు దూడ. దూడ లేనిదే పాలు లేవు, ఎద్దు లేదు, సేద్యం లేదు. అందుకని మా తాత ఆ భారం ఎత్తుకున్నాడు. నాలుగు పండ్లు వేసేదాకా దాన్ని ఆవు మీదికి విడవలేదు. పొద్దున గుగ్గిళ్ళు చేసిన ఉలవలు, సాయంత్రం చెనిక్కాయ చెక్క. మాకు ముద్దలోకి ఊరిబిండి లేని రోజులున్నాయి గాని, దానికి ఉలవలు తప్పిన రోజు లేదు.

దానికి తాత పెట్టిన పేరు రాముడు. సాదప్ప అని పిలిచింది ఊరు. ఆ పేరు ఎట్లా వచ్చిందో నాకు బాగా గుర్తుంది. మా తమ్ముడు పాకే వయసులో, ఎవరూ చూడని వేళ కొట్టంలోకి పోయి కోడె ముంగాళ్ళ మధ్య కూర్చున్నాడు. అవ్వ చూసేసరికి కోడె ఒక కాలు ఎత్తి పెట్టుకుని ఉంది. కింద పెడితే పిల్లవాడి తొడ మీద పడుతుంది. అవ్వ మెల్లగా పోయి, పిల్లవాణ్ణి లాగి చంకనేసుకునేదాకా ఆ కాలు అట్లాగే గాలిలో ఉంది. "ఇది రాముడు కాదు, సాదప్ప" అనిందంట అవ్వ. ఆ పూటనుంచి అదే పేరు.

సాదు ఆంబోతు అంటే నవ్వేవాళ్ళు కూడా ఉన్నారు. రంకె వేస్తే ఊరు దద్దరిల్లాలి, మట్టి కాలితో చిమ్మాలి, అప్పుడే ఆంబోతు అని వాళ్ళ లెక్క. సాదప్ప రంకె వేసేది కాదు. ఆవు నిలబడకపోతే తరిమేది కాదు. పక్కన నిలబడి, మెడ నాకుతూ, దానికి ఇష్టమయ్యేదాకా కాచుకునేది. "దీనికి తొందర లేదు గదా" అని తాత గర్వంగా చెప్పుకునేవాడు.

ఆ నెమ్మదితనం వల్ల ఎవరికి మేలు జరిగిందో నాకు చాలా ఏళ్ళ తరవాత అర్థమయింది. ఆవును ఆంబోతు దగ్గరకు తోలుకొచ్చేది మగవాళ్ళ పని. ఆడవాళ్ళు ఆ ఛాయలకు రారు. మొగదిక్కు లేని ఇంట్లో ఆవు ఎదకొస్తే పక్కింటివాళ్ళను బతిమాలుకోవాలి. వాళ్ళకు తీరేలోపల ఎద దాటిపోతుంది. ఒకసారి పక్క ఊరినుంచి ఒకామె, మొగుడు పోయినావిడ, చెంగు ముఖానికడ్డం పెట్టుకుని తానే ఆవును తోలుకొచ్చింది. తాత ఆమెను చూసి ఒక్క మాట అనలేదు. నన్నూ తమ్ముణ్ణీ చేను దిక్కు తరిమేసి, తాను ఇంట్లోకి పోయి తలుపు దగ్గరేసుకున్నాడు. సాదప్ప పలుపు అవ్వ చేతికిచ్చాడు. ముసలావిడ ఒక చేత్తో పట్టుకుని నిలబడగలిగే ఆంబోతు చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఆ తరవాత అట్లాంటి ఇండ్లనుంచి చాలామంది వచ్చారు. వాళ్ళు వచ్చినప్పుడల్లా తాతకు ఇంట్లో ఏదో పని తగిలేది.

డబ్బు తీసుకునేది లేదు. వచ్చినవాళ్ళు దోసెడు ఉలవలు తెచ్చి సాదప్ప గాడిలో వేసి పోవాలి. అంతే కట్టుబడి. ఆవు దాటిన ప్రతిసారీ తాత కొట్టం గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేవాడు. అయిదు గీతలకొక అడ్డగీత. చదువు రాని మా తాతకు అదే దస్త్రం.

*

నాలుగేళ్ళయినాక, 1970లో, తాత సాదప్పను ఊరినుంచి పంపించేశాడు. నేను ఏడ్చినాను. అవ్వ కూడా ఏడ్చింది. "దాని కూతుళ్ళు ఎదకొచ్చే వయసుకొచ్చినారు. ఇంకిక్కడ ఉండకూడదు" అన్నాడు తాత. తండ్రీ కూతుళ్ళు కలిస్తే సంతు చెడుతుందని ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. చదువుకున్న పశువైద్యులు కూడా ఇప్పటికీ ఇదే చెబుతారు: మూడు నాలుగేళ్ళకొకసారి ఊరి ఆంబోతును మార్చాలి అని.

సాదప్ప పోయింది మాలూరు తాలూకాకు, మా మేనత్త ఊరికి. అక్కడ నాలుగేళ్ళు. అక్కడినుంచి కుప్పం దగ్గర మా చిన్నవ్వ వాళ్ళ ఊరికి. అక్కడ నాలుగేళ్ళు. మా హోసూరు తమిళనాడులో, మాలూరు మైసూరు రాష్ట్రంలో, కుప్పం ఆంధ్రలో. రాష్ట్రాల మధ్య గీసిన గీతలు మా చుట్టరికాలను మూడు ముక్కలు చేశాయి. కానీ ఆడపిల్లల్ని ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదు. ఆ పెండ్లిండ్ల బాటలోనే సాదప్ప కూడా మూడు రాష్ట్రాలు తిరిగింది. ఏ గడప దగ్గరా దాన్ని ఏ భాష అని ఎవరూ అడగలేదు.

1978లో అది ముసలిదై మా కొట్టానికి తిరిగివచ్చింది. వెంట ఒక కోడెదూడను కూడా తెచ్చాడు తాత. కుప్పం దిక్కు ఒక మంచి ఆవుకు పుట్టిన సాదప్ప కొడుకు. అచ్చం తండ్రి పోలిక. నుదుట అదే సుడి, అదే చూపు. చిన్నోడు అని పిలిచేవాళ్ళం. దానికి నాలుగు పండ్లు వచ్చినాక సాదప్ప కాలు పెట్టని దిక్కుకు, తళి పక్కకు పంపాలని తాత ముందే మాట ఇచ్చి ఉన్నాడు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. చదువు ముగించుకుని బడిపంతులు పనిలో చేరినాను. ఊళ్ళో ఇంగ్లీషు కాగితం చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

*

ఆ రోజుల సంగతి ఇప్పటి పిల్లలకు కొంచెం వివరించాలి. 1970లో దేశంలో పాలవెల్లువ పథకం మొదలయింది. ఆ దశాబ్దం ముగిసేలోపల మా పల్లెలకు కూడా పాల సంఘాలూ, సూది వేసే కేంద్రాలూ వచ్చాయి. సూది అంటే మందు కాదు. జెర్సీ, హోల్‌స్టీన్ ఆంబోతుల బీజాన్ని సన్నని గొట్టాల్లో నింపి, సున్నాకు 196 డిగ్రీల దిగువన ఉండే ద్రవ నత్రజనిలో ముంచి ఉంచుతారు. ఒక్క గొట్టంలో పట్టేది పావు మిల్లీలీటరు, నాలుగైదు చుక్కలు. ఎదకొచ్చిన ఆవుకు ఆ గొట్టం వేస్తే చాలు, ఆంబోతు అక్కర లేదు. ఎక్కడో ఉన్న ఆంబోతు, చచ్చిపోయిన ఆంబోతు కూడా, మన ఇంటి ఆవుకు దూడనివ్వగలదు. పుట్టిన పెయ్య పూటకు నాలుగైదు లీటర్లు ఇస్తుంది.

ఇందులో అబద్ధం లేదు. మా ఇంటికి వచ్చిన మొదటి సీమావు పాలతోనే మా అక్క పెండ్లి అప్పు తీరింది. తమ్ముడు కాలేజీకి పోయినాడు. ఈ సంగతి దాచిపెట్టి పాతకాలాన్ని పొగడడం నాకు చేతకాదు. పాలకు ఏ పాపమూ లేదు.

పాపం ఇంకోచోట ఉంది. సూది పథకం సాగాలంటే ఊళ్ళో నాటు కోడెలు తిరగకూడదు. అవి తిరిగితే ఆవులు ముందే చూడి కడతాయి. అందుకని ఊరూరా నాటు కోడెలన్నిటికీ విత్తు కొట్టించమన్నారు. ఒక పెద్ద ఇనుప పటకారుతో, రక్తం రాకుండా, చర్మం పైనుంచే నరాలు నలిపేస్తారు. రెండు నిమిషాల పని. 1979 చివర్లో మా ఊరికి ఆ పని మీద మనుషులు వచ్చినప్పుడు వాళ్ళకు ఇల్లిల్లూ చూపించి, జనానికి నచ్చజెప్పినవాణ్ణి నేను. కొత్తగా చదువుకున్నవాణ్ణి. ఊరు బాగుపడుతుందని నిజంగా నమ్మినాను.

తాత ఆ వారం మాలూరులో పెండ్లికి పోయి ఉన్నాడు. నాయన చేనులో ఉన్నాడు.

మిగతా కోడెలను పట్టడానికి వాళ్ళకు చాలా కష్టమయింది. కొన్ని పలుపులు తెంచుకుని చెరువు గట్టు దాకా పరుగెత్తాయి. ఒకడికి మోకాలు పగిలింది. మా కొట్టం దగ్గరకు వచ్చేసరికి అందరూ అలిసిపోయి ఉన్నారు. "ఇదెట్లాంటిది సార్? పొడుస్తుందా?" అని అడిగారు. "లేదు, ఇది సాదుది" అని చెప్పి, "చిన్నోడా, రారా" అని పిలిచినాను. దూరంగా గడ్డి మేస్తున్నది తల ఎత్తి చూసి, మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా ముందర నిలబడింది. నా చెయ్యి నాకింది. ముకుతాడు నేనే పట్టుకున్నాను. ఆ పని జరుగుతున్నంతసేపూ వెనక కాళ్ళు వణికాయి గాని అది నన్ను తోసెయ్యలేదు. కొట్టంలో సాదప్ప నెమరు ఆపి మా దిక్కే చూస్తున్నది.

నాలుగు రోజులకు తాత వచ్చాడు. వాచి ఉన్న చోట చూశాడు. లోపలికి పోయి ఆముదం, పసుపు కలిపి తెచ్చి మెత్తగా పూసినాడు. పూసినాక నా దిక్కు తిరక్కుండానే అడిగాడు: "ఎవరప్పా పట్టుకునింది?"

"నేనే తాతా."

చాలాసేపు పలకలేదు. తరవాత అన్నాడు: "పిలిస్తే వచ్చుంటుందిలే."

అంతే. ఆ తరవాత ఏడేళ్ళు బతికినాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తళికి ఇచ్చిన మాట మాత్రం తప్పిపోయింది. అక్కడివాళ్ళకు తానే పోయి చెప్పి వచ్చాడు. ఏమని చెప్పాడో నేను అడగలేదు.

చిన్నోడు మంచి ఎద్దయింది. పన్నెండేళ్ళు మా మడక లాగింది. నేను సెలవులకు ఇంటికి పోతే, పిలిస్తే వచ్చేది. ఆ పిలుపుకు రావడం ఒక్కరోజు కూడా మానలేదు. నాకు అదే ఎక్కువ బాధ.

సాదప్ప 1981 వానాకాలంలో పోయింది. పద్దెనిమిదేళ్ళు దాటి ఉంటాయి. చేను గట్టున కానుగ చెట్టు కింద గుంత తవ్వి, ఉప్పూ పసుపూ వేసి పూడ్చినాము. మాలూరు దిక్కునుంచి రెండు బండ్లలో మనుషులు వచ్చారు. అందులో సగం ఆడవాళ్ళే. మా అక్క పెండ్లికి కొట్టానికీ సున్నం కొట్టించినప్పుడే తాత గీసిన బొగ్గు గీతలు కనబడకుండా పోయాయి. ఎన్ని గీతలుండేవో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడా చేనులో గులాబీలు పెంచే ప్లాస్టిక్ పందిళ్ళున్నాయి. కానుగ చెట్టు లేదు.

*

పశువు పేరు మనిషి పేరుకంటే ఎక్కువ కాలం నిలవడం కొత్త సంగతి కాదు. ఒంగోలు దగ్గర కరవది అనే ఊరుంది. 1960ల మొదట్లో ఆ ఊరి ఆంబోతు ఒకటి ఓడలో బ్రెజిల్ దేశం పోయింది. అక్కడ దాన్ని ఊరి పేరుతోనే కర్వాది అని పిలిచారు. ఒంగోలు జాతికి వాళ్ళు పెట్టుకున్న పేరు నెలోర్, అంటే మన నెల్లూరే. బ్రెజిల్ నెలోర్ మందల వంశవృక్షాల్లో కర్వాది పేరు ఇప్పటికీ పెద్ద పేరు. అక్కడ ఆ జాతిని సాకేది మాంసానికి. ఆ సంగతి మింగుడు పడకపోయినా నిజం నిజమే. దేశం మారింది, పని మారింది, పలికే నాలుక మారింది. పేరు మాత్రం ఊరి పేరే.

మా సాదప్పకు అట్లాంటి వంశవృక్షం ఏదీ లేదు. మా హోసూరులో 1824 నాటినుంచి ఉన్న సర్కారు పశువుల ఫారం ఉంది. మొదట సైన్యానికి గుర్రాల్ని సాకడానికి పెట్టారు. 1936లో దక్షిణదేశపు పశుజాతుల మీద లిటిల్‌వుడ్ దొర రాసిన పెద్ద పుస్తకానికి ఆయన హోసూరు అనుభవమే పునాది. 2000లో తపాలా శాఖ నాలుగు నాటు జాతులకు బిళ్ళలు వేస్తే అందులో హళ్ళికారు ఒకటి. జాతికి గౌరవం దక్కింది. ఆ జాతిని ఊళ్ళలో నిలబెట్టిన ఒక్కొక్క ఆంబోతు సంగతి మాత్రం గోడమీది బొగ్గు గీతలతోనే పోయింది.

అందుకే ఆ ముసలమ్మ మాట నన్ను అంత పట్టుకుంది. ఇంటికి వచ్చి కాగితం తీసుకుని లెక్క వేసినాను. దూడకు తండ్రి పాలు సగం. ఆ దూడ బిడ్డకు తాత పాలు నాలుగో వంతు. ఆమె పెండ్లికి వచ్చిన పెయ్య సాదప్ప కూతురే అనుకున్నా, ఇప్పటికి ఏడెనిమిది తరాలు. ఆ కోడెలో సాదప్ప రక్తం వందో వంతు కూడా ఉండదు. మరి ఆ నడక ఎక్కడిది? పిల్లవాడి కోసం అడుగు తగ్గించుకోవడం ఎక్కడిది?

ఆలోచించగా నాకు తోచింది ఇది. పశువుకు గుణం కొంత పుట్టుకతో వస్తుంది, కొంత చేతుల్లో వస్తుంది. సాదప్ప కూతురంటే ఆ ఇంట్లోవాళ్ళు కొట్టలేదు. పొడవదు అనే నమ్మకంతో ఆడవాళ్ళు, పిల్లలు దగ్గరకు పోయారు. చిన్నప్పటినుంచి మనిషి చెయ్యి తగిలిన దూడ మనిషికి బెదరదు. ఎప్పుడైనా ఒకటి దురుసుగా పుడితే "మన ఇంట్లో ఇట్లాంటిది వద్దు" అని పరసకు తోలేసి ఉంటారు. సాదుదాన్ని నిలుపుకుని ఉంటారు. రక్తం పలచబడుతూ వచ్చింది. పేరు పలచబడలేదు. ఆ పేరుకు తగినట్టు తరం వెంట తరం పెంచుకుంటూ వచ్చారు. మగ దారి నేను నా చేత్తో మూసినాను. అది ఆడ దారిన, అరణంగా, సరిహద్దు దాటి తిరిగివచ్చింది. మన ఇండ్లల్లో మన మాట నిలిచింది కూడా ఇట్లాగే కదా అనిపించింది. బడుల్లో నిలిచింది తక్కువ. కోడండ్లుగా వచ్చినవాళ్ళ నోళ్ళల్లో నిలిచింది ఎక్కువ.

*

పండగ అయిన పది రోజులకు మళ్ళీ ఆ పల్లెకు పోయినాను. ముసలమ్మ కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. కోడెను ఏం చెయ్యబోతున్నారని అడిగితే, "వచ్చే నెల విత్తు కొట్టించేస్తాం సార్. ఆటకు పనికిరాదు. విడిస్తే పరుగెత్తనే పరుగెత్తదు" అన్నాడు.

ఎద్దుల్ని విడిచే ఆటల సంగతి మీకు తెలిసిందే. 2014లో సుప్రీంకోర్టు ఆపింది. 2017 జనవరిలో పెద్ద ఉద్యమం లేచి, రాష్ట్రం చట్టం సవరించింది. 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్ని ఒప్పుకుంది. ఆటల వల్లనే నాటు కోడెలు బతికి ఉన్నాయని అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. సేద్యానికి ట్రాక్టరు, పాలకు సీమావు, దూడకు సూది వచ్చినాక, కోడెకు మిగిలింది ఆట ఒక్కటే. కానీ ఆటకు కావలసింది బెదిరి పరుగెత్తేది, మీదికి ఉరికేది. అట్లాంటివాటినే విత్తనానికి ఉంచుకుంటూ పోతే సాదుదానికి చోటెక్కడ? హళ్ళికారు గొట్టాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి, మంచిదే. గొట్టం మీద ఆంబోతు నెంబరు ఉంటుంది. కాళ్ళ కింద పిల్లవాడుంటే అది కాలు ఎత్తి పట్టుకునిందా లేదా అన్నది ఉండదు.

నేను ఆ పిల్లవాడికి మొదటినుంచి చివరిదాకా అంతా చెప్పినాను. ఘాటి పరస, తలుపు దగ్గరేసుకున్న మా తాత, చిన్నోడు, ముకుతాడు పట్టుకున్న నా చెయ్యి. ఏదీ దాచలేదు. అరవై దాటినాక ఒకరి గడపలో కూర్చుని ఇట్లా ఒప్పుకోవడం సులభం కాదు. ముసలమ్మ కొట్టం గుంజకు ఆనుకుని వింటున్నది.

వాడు చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. తరవాత అన్నాడు: "పెట్టుకోవచ్చు సార్. మేత ఖర్చే. దీన్ని నమ్ముకుని ఎన్ని ఆవులొస్తాయి ఈ కాలంలో?"

"రెండేళ్ళు చూడు. ఏడాదికి రెండు బండ్ల రాగిగడ్డి నేను తోలిస్తాను. నా పింఛనీలో అది పెద్ద లెక్క కాదు. రెండేళ్ళ తరవాత తళి దిక్కు ఒక ఊరికి పంపుదాం. అక్కడ మాకు ఒక పాత బాకీ ఉంది" అన్నాను.

సరే అన్నాడు. పూర్తి మనసుతో అన్నాడని చెప్పలేను. సార్ ఇంత దూరం వచ్చి అడిగాడే అని అన్నాడేమో. రేపు ధర వస్తే అమ్మెయ్యనూవచ్చు. అది వాడి ఇష్టం, వాడి కష్టం. మొదటి బండి గడ్డి మాత్రం పోయిన వారం దిగింది.

లేచి వస్తుంటే ముసలమ్మ గుంజ వదిలి ముందుకొచ్చింది. అప్పటిదాకా ఆమె మనసులో ఇంకేదో ఉన్నట్టుంది.

"అయితే సాదప్ప మనిషి కాదా అయ్యా?"

"కాదమ్మా. మా ఆంబోతు."

ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. "యాభై ఏండ్లుగా ఎవరో మహానుభావుడనుకుంటి కదయ్యా. పండగ పండగకీ ఆయన పేరు చెప్పి ఒక టెంకాయ కొడతా ఉండాను."

"కొట్టమ్మా" అన్నాను. "నువ్వు అనుకునిందే నిజం."